లైసెన్సు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: లైసెన్సింగ్ అథారిటీ డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చును.

ప్రతిపదార్థం: లైసెన్సింగ్ అథారిటీ = రవాణా శాఖ అధికారి; డ్రైవింగ్ లైసెన్స్ = పోలీసు ఆపిన నాడు ఇంటిలో ఉండు కార్డు; ఇచ్చును = స్లాటు దొరికి, బండితో ‘ఎనిమిది’ వేసి చూపిన పిమ్మట ఇచ్చును.

టీక: 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఇంగ్లీషు ప్రతిలో ఈ రెండు లైసెన్సుల స్పెల్లింగు ఒకటి కాదు. కార్డు పేరులో ‘సి’, అధికారి పేరులో ‘ఎస్’. ఇది అచ్చుతప్పు కాదు. బ్రిటిష్ సంప్రదాయంలో నామవాచకానికి సి, క్రియకు ఎస్. డాక్టరుగారు పెట్టిన ప్రాక్టీసుకు సి, ఆయన ప్రాక్టీసు చేయడానికి ఎస్.

శంక: చెవికి ఒకటే అయినవాటికి ఈ భేదమేల?

సమాధానం: అడ్వైస్, అడ్వైజ్ చూడుడు. సలహా ‘స్’తో ముగుస్తుంది, సలహా ఇవ్వడం ‘జ్’తో. డివైస్, డివైజ్ కూడా అంతే. అక్కడ చెవి సాక్ష్యం చెబుతుంది; లైసెన్సుకు ఆ సాక్షి లేడు, బళ్లో బెత్తమే ప్రమాణం. మనవాళ్లేమో ‘మంచి అడ్వైజ్ ఇచ్చాడు’ అంటూ నామవాచకం పీట మీద క్రియను కూర్చోబెడతారు. తప్పంతా వాళ్లదే అనలేం. ‘చేయు’, ‘అవు’, ‘ఇచ్చు’ తగిలిస్తే చాలు, ఏ ఇంగ్లీషు మాటైనా తెలుగులో పనిలోకి దిగుతుంది. దాని గోత్రం ఎవరూ అడగరు.

పాఠాంతరం: అమెరికావాళ్లు భేదాన్నే ఎత్తేశారు. ఎత్తేసిన తీరే విడ్డూరం: లైసెన్సుకు రెండర్థాల్లోనూ ఎస్, ప్రాక్టీసుకు రెండర్థాల్లోనూ సి! డాలస్‌లో స్థిరపడ్డ హైదరాబాదీ పర్సులో రెండు కార్డులుంటే టెక్సస్‌ది ఎస్, మనది సి. 1989లో జేమ్స్ బాండ్ సినిమా ‘లైసెన్స్ టు కిల్’ మాత్రం అమెరికాలోనూ సితోనే ఆడింది. చంపే అనుమతి బ్రిటిష్ ప్రభుత్వానిది కదా.

అపవాదం: అఫెక్ట్ క్రియ, ఎఫెక్ట్ నామవాచకం అని ట్యూషన్ మాస్టార్లు నూరిపోస్తారు. చాలావరకు నిజమే. కానీ ‘జరిగేలా చేయు’ అనే అర్థంలో ఎఫెక్ట్ క్రియ. మనస్తత్వశాస్త్రంలో అఫెక్ట్ నామవాచకం, పైగా అప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద.

టీవీ స్క్రోలింగులో ‘తుపాను ఎఫెక్ట్’ అని వస్తే అది ఒప్పే. ఆ వెనకే ‘రైళ్లు ఎఫెక్ట్ అయ్యాయి’ అని వస్తుంది. అప్పుడు వ్యాఖ్యాత కలం కింద పెట్టి, తను ఎక్కాల్సిన బండి ఎన్ని గంటలు లేటో వాకబు చేసుకుంటాడు.