ఇరవయ్యో తారీఖున రీస్టార్టా, మహాప్రభో!

మహారాజశ్రీ ఐటీ విభాగాధిపతి గారి సముఖానికి,

అకౌంట్స్ సెక్షన్ వాళ్లందరం విన్నవించుకునేది ఏమనగా:

మా కంప్యూటర్ల మీద తమ అధికారాన్ని మేం కాదనడం లేదు. అడ్మిన్ హక్కులు మా చేతికిస్తే వారం తిరక్కుండా ప్రతి మెషీన్‌లోనూ ఒక ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్, దాని వెనకే ఒక వైరస్ చేరతాయని మాకూ తెలుసు. వన్నాక్రై రాన్సమ్‌వేర్‌ను ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు మే 12 నుంచి లబోదిబోమన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఇరుక్కున్నాయి. కాబట్టి తమరు పంపండి, మేం పుచ్చుకుంటాం. పేచీ అంతా ముహూర్తం దగ్గరే.

మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు వచ్చేది రెండో మంగళవారం, అంటే 8కీ 14కీ మధ్య. దాని మీద తమరు వారం గడువు పెడతారు. అది తీరేది 15కీ 21కీ మధ్య. నెలనెలా రిటర్నులు వేసే మనబోటి కంపెనీలకు జీఎస్టీఆర్-3బీ ఆఖరి రోజు 20. పోయిన నెల ఆ రెండూ ఒకే రోజు పడ్డాయి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చి పిన్ కొడుతుంటే, సరిగ్గా దాని మీదే నోటీసు: పదిహేను నిమిషాల్లో రీస్టార్ట్. ‘తర్వాత’ అనే బటన్ ఉంది, ఎంత నొక్కినా పడదు. ఆలస్యానికి రోజుకు 50 రూపాయల రుసుము, పన్ను మీద 18 శాతం వడ్డీ. సంజాయిషీ ఇచ్చుకోవలసింది మాత్రం మేము.

రీస్టార్ట్ అయ్యాక సిగ్నేచర్ యుటిలిటీ తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే, డ్యాష్‌బోర్డులో పచ్చగా ‘ఇన్‌స్టాల్డ్’ అనే ఉందన్నారు తమవాళ్లు. ఫలానా ఫోల్డర్లో ఫలానా ఫైలుంటే ఇన్‌స్టాల్ అయినట్టే రాసుకుంటుందట తమ సిస్టమ్. అది పనిచేస్తోందా అన్నది మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లం.

అందరికీ ఒకేసారి పంపితే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన అప్‌డేట్ ఒక్కటి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడుకోబెట్టింది. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఇకపై విడతలవారీగా పంపుతామని ఆ కంపెనీ తర్వాత ప్రకటించింది.

కనుక మా మనవులు. ఏదైనా ముందు తమ విభాగం మెషీన్లలో వేసి రెండు రోజులు చూడండి. తర్వాత సెక్షన్‌కొకరికి పంపండి. వాళ్లు బాగుందన్నాకే మిగతావాళ్లకు. ఇక మూడోది: ఎం.డి. గారి ల్యాప్‌టాప్‌ను నిద్ర లేపకూడదని తమరొక మినహాయింపు జాబితా పెట్టారని విన్నాం. అందులో నెలకు మూడు రోజులు, 18 నుంచి 20 దాకా, మాకూ కాస్త చోటిప్పించండి. 21న తమరు ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా కిక్కురుమనం.

ఇట్లు,
తమ విధేయులు,
అకౌంట్స్ సెక్షన్