నాలుగడుగుల సూత్రము: టీకాతాత్పర్య సహితము

మూలము

“తినగానే నడుం వాల్చకురా. అలా నాలుగడుగులు వేసి రా. ఆ ఫోను అవతల పడేసి పెందరాళే పడుకో.”

అవతారిక

ఏలూరు పవర్‌పేటలో ఒకానొక మాతృమూర్తి, కొర్రమీను పులుసుతో మారన్నము కూడ లాగించి సోఫా వైపు తూలుచున్న పుత్రుని చూచి పలికిన సూత్రమిది.

ప్రతిపదార్థము

తినగానే = చేతి తడి ఆరకమునుపే; నడుం వాల్చకురా = సోఫా, మంచము, పడకకుర్చీ మున్నగువానిని ఆశ్రయింపకుము (‘ఒరిగితినే గాని పడుకొనలేదు’ అను వాదము చెల్లదు); అలా = బండి తాళము ముట్టకుండ; నాలుగు = పది పదిహేను నిమిషములకు సరిపడునన్ని; అడుగులు = సొంత కాళ్లతో వేయునవి; వేసి రా = పోయి తిన్నగా తిరిగి రమ్ము (దారిలో బజ్జీల బండి యొద్ద ఆగరాదని ధ్వని); ఆ ఫోను = మంచమెక్కినను చేయి దిగని ఆ వస్తువును; అవతల పడేసి = చేయి చాచినను అందని చోట ఉంచి; పెందరాళే = రీల్స్ అయిపోవునని ఎదురుచూడక; పడుకో = నిద్రింపుము (ఇందాక వలదన్న పనికి ఇప్పుడు అనుమతి లభించినది).

అడుగులెచ్చట వేయవలెననుటలో వ్యాఖ్యాతలకు భేదము గలదు. ఏలూరివారు కాలువగట్టందురు. తాడేపల్లిగూడెము వారు రెండవ ప్రపంచయుద్ధము నాటి విమానాల రన్‌వే యందురు. కైకలూరు వారు చెరువుగట్టందురు. మూడును సమ్మతములే. గుమ్మము దాటుట ప్రధానము.

తాత్పర్యము

తిన్న తిండిని పీల్చిన ఆక్సిజనుతో మండించి, ఏటీపీ రూపమున శక్తినిచ్చునవి కణములలోని మైటోకాండ్రియా. దేహము దినమునకు దాదాపు తన బరువంత ఏటీపీని తయారుచేసి ఖర్చుపెట్టును. ఏ క్షణమున చూచినను నిల్వ గ్రాముల లెక్కయే. వాడకమున్నంత వరకే తయారీ. పడుకొన్నవాని కండరములకు పెద్దగా పనిలేదు, లోపలికి పోయిన పులుసన్నము మాత్రము ఊరకుండదు. అప్పుడు మైటోకాండ్రియాలో ఎలక్ట్రానులు కిక్కిరిసి, దారి తప్పి ఆక్సిజనుపై పడి, కణమునకు చేటు చేయు పదార్థములను పుట్టించును. నడుచు కండరము రక్తములోని చక్కెరను లాగుకొని ఖర్చుచేయును. నిద్ర చాలనివాని కండరములు ఇన్సులిను మాట సరిగా వినవు గనుక చివరి వాక్యము.

మండించు దారి లేనప్పుడు మేత కుమ్మరింపరాదని కొల్లేటి చేపలరైతుకు బోధింప పనిలేదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరచినప్పుడు అతడు మేత ఆపి ఏరియేటరు వేయును. ఇంకొక బస్తా మేత దింపడు.

విశేషము

ఏటీపీ మనకు పరాయిది కాదు. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి కండరములందు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించెను. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ వేరుగా దీనిని కనుగొనెను. కావున ఈ ప్రాంతమువారు ఈ సూత్రమును మీరుట ఊరివాని మాట తీసివేయుటయే.

పూర్వపక్షము: మైటోకాండ్రియాకు మాత్రలమ్ముచుండగా నడకేల?

సిద్ధాంతము: 1967లో అమెరికాలో జాన్ హోలోజీ ఎలుకలను వారముల తరబడి ట్రెడ్‌మిల్లుపై పరుగెత్తింపగా, వాని కండరములలో మైటోకాండ్రియా ఎంజైముల సత్తువ దాదాపు రెట్టింపాయెను. కూర్చున్న ఎలుకలకు ఆ భాగ్యము పట్టలేదు. పనిబెట్టినగాని అవి పెరుగవు. మాత్ర మ్రింగుట పని కాదు. పుట్టుకతో వచ్చు మైటోకాండ్రియా వ్యాధుల సంగతి వేరు, అందు వైద్యుడే ప్రమాణము.

శంక: ఈ ఆజ్ఞ అమ్మయే ఏల ఇచ్చెను?

సమాధానము: మైటోకాండ్రియా తమ సొంత డీఎన్ఏతో సహా తల్లినుండియే సంక్రమించును, తండ్రివి అండమున చేరిన పిదప నశించును. ఆస్తి ఇచ్చినవారికే లెక్క అడుగు హక్కు. నాన్నగారు పేపరు చాటునుండి “మీ అమ్మ చెప్పింది విను” అని ఊరకుండుట శాస్త్రసమ్మతమే.

ఫలశ్రుతి

దీనిని చదివినవారికి ఫలము లేదు, విన్నవారికి లేదు, వాట్సాపులో పదిమందికి పంపినవారికి అసలే లేదు. చెప్పులు వేసుకొన్నవారికి గలదు.