అంచనారావుగారి ఫుల్ ప్లేటు

మొదటిసారి అంచనారావుగారు పిడికిలి బిగించి కడాయి మీదికి చెయ్యి చాపినప్పుడు, ఫాస్ట్‌ఫుడ్ బండి మాస్టర్ గరిటె వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏటి సార్, ఏటైంది? నిన్న పార్సిల్లో చికెన్ తక్కువొచ్చిందా?"

"కోపం కాదోయ్. పిడికిలంటే ఒక కప్పు. నువ్వు వేసే అన్నం నా పిడికిళ్లతో ఎన్నవుతుందో చూసుకుంటున్నా. నీ పని నువ్వు కానీ."

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆ కుర్రాడికి ఇదంతా కొత్త. ఎగ్ ఫ్రైడ్ రైస్‌లో కారం ఎక్కువ వెయ్యమన్నవాళ్లను చూశాడు, టేస్టింగ్ సాల్ట్ వద్దన్నవాళ్లను చూశాడు, డబ్బులివ్వకుండా జారుకున్నవాళ్లనూ చూశాడు. పిడికిలితో అన్నం కొలిచేవాణ్ని ఇప్పుడే చూస్తున్నాడు. అన్నం అయ్యాక రావుగారు అరచెయ్యి విప్పి చికెన్ ముక్కల మీద నీడపట్టి చూశారు. చివరికి బొటనవేలు పైకెత్తారు. నూనె బొటనవేలంతే ఉండాలి, అంటే పెద్ద చెంచాడు, అని ఆయన ఉద్దేశం. తన వంట నచ్చి మెచ్చుకుంటున్నాడనుకున్నాడు మాస్టర్. ముఖం వెలిగిపోయి, ఆ సంతోషంలో ఇంకో అరగరిటె నూనె తిరగబోశాడు.

అసలు పేరెందుకు లెండి. అంచనారావు అని నేను పెట్టుకున్న పేరు. ప్రతి అపార్టుమెంటులోనూ ఇలాంటివారొకరు ఉంటారు గనక, మీ పక్కింటాయన గురించే రాశాననుకున్నా నాకేం అభ్యంతరం లేదు. మా రావుగారు రైల్వే అకౌంట్సులో పనిచేసి రిటైరయ్యారు. ముప్పై అయిదేళ్లు ఇతరుల బిల్లుల్లో తప్పులు పట్టిన మనిషి. నిరుడు రక్తపరీక్షలో షుగరు గీత మీద నిలబడ్డట్టు తేలింది. డాక్టరు ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టి, తిన్నదంతా క్యాలరీలతో సహా రాయమన్నాడు. మామూలు మనిషికైతే అది శిక్ష. రావుగారికి మాత్రం పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది.

పైగా మేముండేది తార్నాక. జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది ఇక్కడే. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. దేశంలో జనం తినే బియ్యం, పప్పులు, ఆకుకూరలు, చేపలు ఒక్కొక్కటీ పరీక్షించి, 528 ఆహారపదార్థాల్లో ఏమేం ఉన్నాయో 2017లో పట్టికలుగా అచ్చువేసింది. రావుగారు ఆ గేటు ముందు రోజూ వాకింగ్ చేస్తారు. ఆ చుట్టుపక్కల గాలి పీలిస్తేనే పోషకాహార శాస్త్రం ఒంటికి పట్టినట్టు మాట్లాడతారు. "మేం తార్నాకవాళ్లమండీ, మాకు క్యాలరీలు ఎవరో చెప్పాలా?" అంటారు. అదే తార్నాకలో, సాయంత్రమయ్యేసరికి, సందు మలుపులో గ్యాసుపొయ్యి భగభగమంటూ ఉంటుంది. ఆ కడాయిలో పడేది ఏ పట్టికకూ దొరకదు.

లెక్కలో ఆయనకు తిరుగులేదు. పిండిపదార్థం గ్రాముకు 4 క్యాలరీలు, మాంసకృత్తులు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. చిక్కంతా ఆ లెక్క ఎవరి ప్లేటుకు కడుతున్నారన్న దగ్గరే. 100 గ్రాముల పచ్చి బియ్యంలో 350 క్యాలరీల దాకా ఉంటాయి. ఉడికితే నీళ్లు తాగి బరువు పెరుగుతుంది కాబట్టి 100 గ్రాముల అన్నంలో ఉండేవి 130. రావుగారికి ఈ రెండు అంకెలూ కంఠతా వచ్చు. తన ప్లేటుకు అన్నం లెక్క వేస్తారు. బావమరిది పండక్కొచ్చి పక్క స్టూలు మీద కూర్చుని అదే తింటే, అతని ప్లేటుకు బియ్యం లెక్క వేస్తారు. "నీది పద్నాలుగొందలు దాటిందిరా, జాగ్రత్త," అని తన ఏడొందల ప్లేటులోంచి ముక్క నోట్లో వేసుకుంటూ హెచ్చరిస్తారు. రెండూ ఒకే కడాయిలోంచి దిగినవే.

ఇక హాఫ్ ప్లేటు సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది మునిగేది ఇక్కడే. బండి భాషలో హాఫ్ అంటే సగం కాదు. ఫుల్ నూరు రూపాయలైతే హాఫ్ డెబ్భై. సరుకూ దాదాపు ఆ లెక్కనే పడుతుంది. ఎవరూ నిలదియ్యరు, మాస్టర్ చేతికి అలా అలవాటైపోయింది. రావుగారు నోటుపుస్తకంలో "హాఫ్" అని రాసి, ఎదురుగా ఫుల్ క్యాలరీలు సరిగ్గా సగం చేసి వేస్తారు. తిన్న పది నిమిషాలకు, "హాఫే కదా తిన్నాను, ఇంకో హాఫ్‌కి చోటుంది," అంటారు. రెండు హాఫ్‌లు కలిస్తే పుస్తకంలో ఒక ఫుల్. పొట్టలో ఒకటీ పాతిక ఫుల్, ఇంకా పైన. ఈ పాతిక ఎక్కడ తేలుతుందా అని నేను చాలాకాలం చూశాను. నడుము దగ్గర తేలింది.

గోబీ మంచూరియా విషయంలో ఆయన వాదన వింటే హైకోర్టు లాయర్లు కూడా కుర్చీ వేస్తారు. మంచూరియా అనే వంటకం మంచూరియాలో దొరకదు. 1975లో ముంబయి క్రికెట్ క్లబ్బులో నెల్సన్ వాంగ్ అనే కోల్‌కతా చైనీయుడు చికెన్‌తో దీన్ని పుట్టించాడని చెబుతారు. తరువాత ఎవరో పుణ్యాత్ములు కోడిని తప్పించి గోబీ పువ్వును దించారు. "కాబట్టి ఇది చైనా వంట కాదు, చైనా లెక్క పనికిరాదు. మన వంటా కాదు, తార్నాక పట్టికా వర్తించదు. ఏ పద్దులోనూ లేని ఖర్చును ఏమంటారండీ? ఖర్చే కాదంటారు!" అని తీర్పిచ్చి, అయినా నిజాయితీపరుడు గనక 'గోబీ పువ్వు, 200 గ్రాములు, 50 క్యాలరీలు' అని రాస్తారు. గోబీ పువ్వుకు 100 గ్రాములకు 25 అన్నది నిజమే. ఆ పువ్వుకు తొడిగిన మైదా చొక్కా, కార్న్‌ఫ్లోర్ కోటు, అవి తొడుక్కుని నూనెలో మునిగి తేలి, మళ్లీ సాసుల్లోకి దిగేముందు ఇంకోసారి నూనెలో కాలు తడుపుకోవడం, ఇవన్నీ ఆయన దృష్టిలో ప్యాకింగ్ ఖర్చులు.

మధ్యాహ్నమే వార్చి పరాతంలో ఆరబెట్టిన అన్నం మీదా ఆయనకు పెద్ద నమ్మకం. అన్నం చల్లారితే అందులో పిండి కొంత అరగని పిండిగా మారుతుందని ఎక్కడో చదివారు. మారుతుంది, అబద్ధం కాదు. ఎంత మారుతుందన్న దగ్గర ఆయన చెయ్యి కాస్త ధారాళం. ఒకరోజు అన్నం మరీ చల్లగా ఉందని నూరు క్యాలరీలు కొట్టేశారు.

అమెరికాలో ఉన్న కొడుకు ఒకసారి అక్కడి చైనీస్ గొలుసు హోటల్లోని బోర్డు ఫోటో పంపాడు. ఇరవై, అంతకు మించి శాఖలున్న హోటళ్లు అక్కడ ప్రతి వంటకం పక్కనా క్యాలరీలు రాయాల్సిందే, 2018 నుంచి. మన దేశంలోనూ పది, అంతకు మించి శాఖలున్నవాళ్లకు అలాంటి నిబంధన వచ్చింది. రావుగారు ఆ ఫోటో మాస్టర్‌కు చూపించి, నువ్వూ ఇలా రాయించు అన్నారు. మాస్టర్ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాడు. ఉన్నవి నాలుగు చక్రాలు. పది శాఖలు లేవు. "రాయిద్దాం సార్, ముందు 'ఇక్కడ అప్పు లేదు' అని రాయించాల," అన్నాడు.

పార్సిల్ తెచ్చుకున్న రోజు మాత్రం అసలైన ఆడిట్. భోజనాల బల్ల మీద చిన్న డిజిటల్ త్రాసు. సిల్వర్ కవరు బరువు విడిగా, ఉల్లిపాయ ముక్కల పొట్లం విడిగా, సాసు పొట్లం విడిగా. కిందటి నెల నేనూ వెళ్లి కూర్చున్నాను. మొత్తం 570 గ్రాములు తూగింది. అందులో అన్నం 400 గ్రాములని నిర్ధారించారు, 520 క్యాలరీలు. గుడ్డు ఒకటి, 70. చికెన్ ముక్కలు వేళ్లతో ఏరి తూచారు, 40 గ్రాములు, వాటికి 60. క్యాబేజీ, ఉల్లికాడలు లెక్కలోకి రావు, అవి అలంకారం. నూనె బొటనవేలంత, పెద్ద చెంచా, 120. వెరసి 770. కింద రెండు గీతలు గీశారు.

తిన్నాక కథ ముగిసిందనుకుని లేవబోయాను. "కూర్చోండి, తరుగుదల తియ్యాలి," అన్నారు. కవరు లోపల అంటుకున్న నూనెను టిష్యూ కాగితంతో తుడిచి ఆ కాగితాన్ని తూచారు. ఆరు గ్రాములు పెరిగింది. ఆరు తొమ్ములు యాభై నాలుగు. ఆ 54 తీసేశారు. బండి దాకా వెళ్లిరావడం రెండు కిలోమీటర్లు, దానికి నూట ఇరవై తీసేశారు. మూడో అంతస్తుకు మెట్లెక్కినందుకు కూడా ఏదో వెయ్యబోతుంటే వాళ్లావిడ, పిన్నిగారు, వంటింట్లోంచి, "మీరు లిఫ్టులో వచ్చారు," అన్నారు. పెన్ను ఆగింది.

ఇంటర్ చదివే మనవడు అక్కడే ఉన్నాడు. వాడికి ఫిజిక్సు పిచ్చి. "తాతయ్యా, మనం ఫుడ్డుకి చెప్పే ఒక్క క్యాలరీ అంటే లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించేంత వేడి. నీళ్లు ఇప్పుడు 30 డిగ్రీలనుకో. మరిగించాలంటే లీటరుకి 70 కావాలి. నీ 770తో పదకొండు లీటర్లు మరుగుతాయి," అన్నాడు. పిన్నిగారు బయటికి వచ్చి కవరు వంక, ఆయన వంక చూశారు. "ఏడాదినుంచీ గీజరు బాగు చేయించండి అంటున్నాను. మీకే ఒక పంపు బిగిస్తే పోయేది."

మొన్న డాక్టరు దగ్గర చిక్కొచ్చి పడింది. పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసి, "చాలా శ్రద్ధగా రాశారండీ. దీని ప్రకారమైతే మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాలి మీరు. మూడు పెరిగారు," అన్నాడు. రావుగారి సర్వీసులో ఏడు కిలోల తేడా ఎన్నడూ రాలేదు. ఇంటికి రాలేదాయన, తిన్నగా బండి దగ్గరికే వచ్చారు. నేను అక్కడే నూడుల్స్‌తో కుస్తీపడుతున్నాను.

"నిజం చెప్పు. ప్లేటుకి నూనె ఎంత పోస్తావు?"

"గరిటెడు సార్."

"గరిటె అంటే ఎంత?"

"గరిటెడే సార్."

ఈ దారిన పోతే తేలదని ఆయనకు అర్థమైంది. పాత అకౌంట్సు బుద్ధి మేలుకుంది. "రోజుకి ఎన్ని ప్లేట్లు అమ్ముతావు?"

"నూటయాభై పోతాయి సార్."

"నూనె డబ్బా?"

"పదేను కేజీల డబ్బా రెండ్రోజులొస్తాది."

రావుగారు కళ్లు మూసుకున్నారు. పదిహేను వేల గ్రాములు, మూడొందల ప్లేట్లు. ప్లేటుకు 50 గ్రాములు. యాభై తొమ్ములు 450. పుస్తకంలో బొటనవేలికి వేసింది 120. మిగతా 330తో, మనవడి లెక్కన, ఇంకో అయిదు లీటర్ల దాకా నీళ్లు కాగుతాయి. పిడికిలి, అరచెయ్యి, త్రాసు, టిష్యూ కాగితం ఏవీ పట్టుకోలేని దొంగను ఆ కుర్రాడు రెండు ముక్కల్లో పట్టిచ్చాడు. వాడికి ఆ సంగతే తెలీదు, క్యాబేజీ తురుముతున్నాడు.

కానీ ఆడిటరు అంత తేలిగ్గా ఒప్పుకుంటాడా? "మంటలు పైకి లేచినప్పుడు కొంత కాలిపోతుంది కదా?" కాలిపోతుంది సార్. "మంచూరియా వేయించిన మూకుట్లో కొంత మిగిలిపోతుంది కదా?" మిగులుతాది సార్. "నీ చొక్కా మీద చిందేది?" మాస్టర్ చొక్కా చూసుకున్నాడు. శానా సార్. అలా గీసి గీసి ఆ యాభైని ముప్పై రెండు గ్రాములకు దించారు. ముఖంలోకి కాస్త నెత్తురొచ్చింది.

"సరే. ఇవాళ హాఫ్ చెయ్యి. హాఫ్ అంటే నూనె పదహారు గ్రాములు."

మాస్టర్ తల గోక్కున్నాడు. "హాఫైనా ఫుల్లైనా నూనె గరిటె ఒకటే సార్. తక్కువేస్తే అన్నం కడాయికి అంటుకుపోద్ది."

రావుగారు చాలాసేపు నిలబడిపోయారు. కడాయి కింద మంట హోరుమంటోంది. వెనక ఎవరో డబుల్ ఎగ్ అంటూ తొందరపెడుతున్నారు. ఆయన జేబులోంచి పుస్తకం తీశారు, పెన్ను మూత తీశారు, రెండు అంకెలు వేశారు, ఒకదాన్ని ఇంకోదానితో భాగించారు. మొహం విప్పారింది.

"అయితే ఫుల్లే చెయ్యవోయ్. గ్రాముకి నూనె తక్కువ పడుతుంది."