గుడ్డ చూసి సంచి కుట్టించుకున్నవాళ్లం

ఏరా అబ్బాయ్, కొత్త సంచి కొన్నావని చూపించావు, సంతోషం. ఎన్ని జిప్పులున్నాయో చెప్పావు, సీసా పెట్టుకునే వల జేబు చూపించావు, ఛార్జింగు తీగ బయటికి రావడానికి కన్నం కూడా ఉందన్నావు. గుడ్డేమిట్రా అంటే మాత్రం తెల్లమొహం వేశావు. మా రోజుల్లో సంచి కావాలంటే ముందు గుడ్డ కొనేవాళ్లం. సంచి ఆ తరవాతి సంగతి.

బట్టల కొట్లో చాప మీద కూర్చుని, తాను విప్పించి, గుడ్డని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపేవాళ్లం. వేళ్లకి తెల్లటి పొడి అంటిందంటే ఆ బరువంతా గంజిదే. నాలుగు ఉతుకుల్లో గంజి వదిలిపోతే మిగిలేది దోమతెర. తరవాత వెలుతురుకి ఎత్తి పట్టేవాళ్లం. పడుగుకీ పేకకీ మధ్య వెలుగు చుక్కలు కనిపిస్తే ఇంకో తాను తియ్యమనడమే. ఆపైన మూల నుంచి మూలకి ఏటవాలుగా లాగి చూడాలి. నిలువుగానో అడ్డంగానో లాగితే ఏ గుడ్డయినా ఆగుతుంది. పోగులు జరిగిపోయే నేత ఏటవాలు లాగుడులోనే బయటపడుతుంది. మా నాన్నగారు అంచున ఒక పోగు పీకి అగ్గిపుల్లతో కాల్చేవారు. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద రాలితే నూలు. కరిగి గట్టి ఉండ కడితే అందులో ఇంకేదో కలిసినట్టు. కొట్టాయన కోప్పడేవాడు కాదు, అగ్గిపెట్టె తనే అందించేవాడు. ఇప్పుడు నువ్వు వెళ్లే దుకాణంలో సంచి నిండా కాగితాలు కూరి, పైన ప్లాస్టిక్ తొడిగి పెడుతున్నారు. గుడ్డ చేతికి తగిలేదెప్పుడు?

మద్రాసు బిన్నీ మిల్లు ఖాకీ డ్రిల్లు నీకు తెలియదు. పోలీసుల నిక్కర్లకీ సైనికుల దుస్తులకీ వాడిన గుడ్డ అది. ఏటవాలు గీతల నేత. అది కొంటే నిక్కరు కుట్టగా మిగిలిన ముక్కతో బడిసంచి వచ్చేది, అన్న చదువు అయ్యాక అదే సంచి తమ్ముడి భుజానికెక్కేది. ఆ మిల్లూ మూతపడింది. ఇక కాన్వాసు. దాన్లో పురి వేసిన లావు నూలుని పడుగులోనూ పేకలోనూ దగ్గర దగ్గరగా దట్టించి నేస్తారు. నీళ్లు తగిలితే నూలు ఉబ్బి నేత ఇంకా బిగుసుకుంటుంది. లారీల ముందూ రైలు కిటికీలకీ కాన్వాసు నీళ్లసంచులు వేలాడేవి అందుకే. బొట్టు బొట్టుగా కారిపోకుండా పైకి చెమ్మ మాత్రం ఊరేది, ఆ చెమ్మ ఆరుతుంటే ఎండాకాలంలో లోపలి నీళ్లు చల్లబడేవి. జీటీ ఎక్స్‌ప్రెస్సులో ఢిల్లీ వెళ్లేవాళ్ల హోల్డాలు కూడా కాన్వాసే. పరుపు, దుప్పటి, చెంబు, చెప్పులు అన్నీ అందులో చుట్టి తోలు పటకాలు బిగిస్తే, కూలీ నెత్తి మీద నుంచి దభీమని పడేసినా ఒక్క కుట్టు ఊడేది కాదు.

కుట్టు అంటే గుర్తొచ్చింది. అప్పట్లో సంచికి చేతిపట్టీ నవారుతో వేసేవారు, అదే నవారు మంచానికి అల్లేది. దాన్ని సంచి పైఅంచున అతికించి ఊరుకునేవారు కాదు. అడుగు కిందుగా తిప్పి అవతలి వైపుకి తెచ్చి, మైనం రాసిన దారంతో రెండు వరసలు కుట్టేవారు. మోత నవారు మీద పడేది, గుడ్డ మీద కాదు. నీ సంచి పట్టీ చూడు, నాలుగు వేళ్ల ముక్క పైఅంచుకి తగిలించి ఉంది. గుడ్డ ఎంత మంచిదైనా చిరిగేది అక్కడే.

అలాగని గట్టి నేత అన్నిటికీ మంచిదని కాదు. గోనెసంచి నేత వదులుగా ఉంటుంది, ఉండాలి కూడా, ధాన్యానికి గాలి ఆడాలి కనక. ఏలూరు, నెల్లిమర్ల, చిట్టివలస జనపనార మిల్లుల వాళ్లకి ఆ సంగతి తెలుసు. ఏ సరుకుకి ఏ గుడ్డ అన్న ఆలోచన సంచి పుట్టకముందే జరిగేది.

ఇప్పుడు నువ్వు చీటీ చూసి 1680 డెనియర్ అని చదివావు. డెనియర్ అంటే ఏమిటో తెలుసుకున్నావా? 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. పోగు లావు చెబుతుంది, అంతే. ఎంత దగ్గరగా నేశారో చెప్పదు, ఏ పోగో అసలే చెప్పదు. అదే అంకె నైలానుకీ వేస్తారు, పాలిస్టరుకీ వేస్తారు. రాపిడికి నైలాను గట్టిది. ఎండకి పాలిస్టరు నయం. నువ్వు స్కూటరు మీద ఎండలో తిరిగేవాడివా, రైలు బెర్తుల కింద ఈడ్చేవాడివా చూసుకుని ఎంచుకోవాలి గానీ పెద్ద అంకె చూసి మురిసిపోతే ఎలా? లోపలి వైపు తళతళలాడే పూత ఉందే, దాన్ని నేను నమ్మను. వానకి అడ్డమే, కాదనను. కానీ వదులు నేతని దాచేది కూడా అదే. మన కోస్తా ఉక్కపోతలో కొన్నేళ్లు బీరువాలో పడి ఉంటే జిగురుగా మారి, పొలుసులుగా రాలి, నీ చొక్కాలకి అంటుకుంటుంది.

కాన్వాసు బరువన్నది నిజమే. తడిసినదాన్ని ఆరబెట్టకుండా మడిచి పెడితే బూజు పట్టేదన్నదీ నిజమే. చక్రాల పెట్టె వచ్చాక మీ నాయనమ్మ నడుంనొప్పి తగ్గింది, ఆ మాట నేనే అందరికీ చెబుతున్నాను. నైలానులోనూ బిగుతుగా నేసినవి ఉన్నాయి, రెండోప్రపంచ యుద్ధంలో సైనికుల రక్షణ కవచాల కోసం తయారుచేసిన గుడ్డ నుంచే ఇప్పటి మంచి సామాను సంచుల గుడ్డ ఒకటి వచ్చింది. అది దొరికితే కొను, నేను వద్దనను.

కానీ కొనేముందు సంచిని లోపలికి తిరగెయ్యి. కాగితాలన్నీ తీసి అవతల పడెయ్యమను. అంచుల్లో గుడ్డ కొసలు పీచులుగా ఊడుతున్నాయో, పట్టీ వేసి మడిచి కుట్టారో చూడు. గోటితో పూత గీకు. పట్టీ మొదట్లో కుట్టు ఎన్ని వరసలుందో లెక్కపెట్టు. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనీ, డబ్బు నీది. లేదా వచ్చే ఆదివారం నన్ను వెంటబెట్టుకుని వెళ్లు, నేను అడుగుతాను.