బోరు కండెన్సర్ పద్యం: టీకా, తాత్పర్యం, కొంత తగాదా

మూలం

పగటి వోల్టును నమ్మిన పామరునకు
రాత్రి పేలును కండెన్సరయ్య, నిజము;
గాన బోరు మోటారుకుఁ గట్టు దానిఁ
దెచ్చి బిగియింపు మాంప్లికిఁ దీరు హమ్ము.

అవతారిక

వేల్పూర్‌లో పసుపు సంచుల వెనకాల, అటక మీద ఒక వాల్వు ఆంప్లి పడి ఉంది. ఒకప్పుడు పెళ్ళిళ్ళకూ బతుకమ్మకూ మైకు సెట్టుగా తిరిగినది. దాన్ని దింపి దుమ్ము దులిపిన శిష్యుడు "పవర్ సప్లైకి ఏ కండెన్సర్ వెయ్యాలె సార్?" అని అడిగాడు. గురువు ఈ పద్యం చెప్పి, మధ్యాహ్నం కనుక పడుకున్నాడు. అందువల్ల ఈ వ్యాఖ్య అవసరపడింది. ఛందస్సు తేటగీతి. రెండో పాదంలో యతి దగ్గర కాస్త లీకేజి కనబడుతుంది. కొత్త ఎలక్ట్రోలిటిక్‌లోనూ కొంత ఉంటుంది కనుక దోషం కాదు.

ప్రతిపదార్థం

పగటి వోల్టును = మోటార్లన్నీ తిరిగే వేళ మీటరులో కనబడే వోల్టేజిని; నమ్మిన = అదే శాశ్వతమనుకున్న; పామరునకు = 1.414తో హెచ్చించడం మరిచినవానికి; రాత్రి = (దీని మీద వివాదం ఉంది, కింద చూడుడు); పేలును = ముందు ఉబ్బి, పిమ్మట కారి, తుదకు చప్పుడు చేయును; కండెన్సరయ్య = కండెన్సర్ + అయ్య. ఇది సంబోధన అని కొందరు. గౌరవవాచకమని నా పక్షం. కడుపులో నాలుగు వందల వోల్టులు దాచుకున్నవాడిని వట్టి పేరుతో పిలిచే ధైర్యం కవికి లేదు. బోరు మోటారుకుఁ గట్టు దానిన్ = అసలు చిక్కు ఇక్కడే. తెచ్చి బిగియింపుము = స్పష్టము. హమ్ము = స్పీకరులో పాట లేకున్నా వినబడే పాట. తీరు = తీరును, కొంతమేరకు.

తాత్పర్యం

ఓ పామరుడా, మైక్రోఫారాడ్లు చూసి మురియకు, వోల్టులు చూసి కొను.

'రాత్రి' శబ్ద విచారం

ట్రాన్స్‌ఫార్మరు 230కి చుట్టినది, సెకండరీ 300-0-300 అనుకుందాం. బోర్లన్నీ నీళ్ళు లాగుతున్న పగలు ఊరి లైను 210కి దిగితే, రెక్టిఫై అయిన పిమ్మట శిఖరం 387 వోల్టులు. డబ్బా మీద 450 అని ఉంది. శిష్యుడు సంతోషించును. మోటార్లు ఆగిపోయి లైను 250కి ఎగబాకిన గడియలో అదే శిఖరం 461. డబ్బా మీద మాత్రం ఇంకా 450 అనే ఉంది. పద్యం మొదటి సగానికి ఇంతకు మించిన అర్థం లేదు.

రాత్రి అనగా సూర్యాస్తమయానంతర కాలమేనని పూర్వ వ్యాఖ్యాతలు. వంతులవారీ కరెంటు రోజుల్లో అది చెల్లేదేమో. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటలూ కరెంటు ఉంది. కాబట్టి ఇక్కడ లక్షణార్థం తీసుకోవాలి: మోటార్లు నడవని వేళ ఏదైనా రాత్రే. జోరున వాన పట్టిన పట్టపగలు కూడా ఈ శాస్త్రంలో రాత్రియే.

రెక్టిఫైయర్ వాల్వు పీకి సిలికాన్ డయోడ్లు పెట్టినవారికి ఇంకొక రాత్రి అదనం. ఫిలమెంట్లు వేడెక్కే లోపల వాల్వులు కరెంటు తాగవు, డయోడ్లు మాత్రం స్విచ్ వేసిన క్షణమే పని మొదలుపెడతాయి. ఆ పది పదిహేను సెకన్లు నిండు వోల్టేజి కండెన్సర్ నెత్తి మీదే.

'బోరు మోటారుకుఁ గట్టునది' ఏది?

మోటారు వైండింగ్ షాపుకు పోయి ఈ పద్యం చదివితే మొదట వచ్చే ప్రశ్న: "స్టార్టింగ్‌ది కావాల్నా అన్నా, రన్నింగ్‌దా?" ఇంతటి సూక్ష్మ విమర్శ చేసిన పండితుణ్ణి నేను ఎరుగను.

స్టార్టింగ్‌ది నల్లటి ప్లాస్టిక్ డబ్బా. వంద మైక్రోఫారాడ్లకు పైమాటే, చూపుకు ఆశ పుట్టిస్తుంది. కానీ అదీ ఎలక్ట్రోలిటిక్కే. మోటారు కదిలేదాకా రెండు మూడు సెకన్లు పనిచేసి తప్పుకునే జాతి. ఆంప్లిలో పూటంతా కూర్చోబెడితే పద్యం రెండో పాదం సత్యమగును.

రన్నింగ్‌దే కవిహృదయం. లోపల పాలీప్రొపిలీన్ ఫిల్మ్, పైన 36 మైక్రోఫారాడ్లు, 440 వోల్ట్ ఏసీ అని ముద్ర. ఆ 440 ఏసీ లెక్క, దాని శిఖరం 622. మన 461 అక్కడ తలెత్తి చూడవలసిందే. ఎండిపోవడానికి ఇందులో ఎలక్ట్రోలైట్ లేదు. నలభై అయిదు డిగ్రీల నిజామాబాద్ ఎండలో, పక్కన వాల్వుల సెగలో, ఎలక్ట్రోలిటిక్ ఆయుష్షు ప్రతి పది డిగ్రీలకూ సగమవుతుందన్న సూత్రం తెలిసినవారు ఈ మాట విని కళ్ళు తుడుచుకుంటారు.

మూడో అర్థం చెప్పేవారూ ఉన్నారు. 2004లో ఉచిత కరెంటు వచ్చాక రైతులు మోటార్లకు కెపాసిటర్లు బిగించుకోవాలన్న షరతు వచ్చింది కదా, అదేనంటారు. అది త్రీ ఫేజ్ డబ్బా, దాని మీద కేవీఏఆర్ తప్ప మైక్రోఫారాడ్లు కనబడవు. 5 హార్స్ పవర్ మోటారుకు వేసే 2 కేవీఏఆర్ డబ్బాలో రెండు తీగల మధ్య లెక్కిస్తే 16, 18 మైక్రోఫారాడ్లు తేలుతాయి. వ్యాఖ్యానం చమత్కారంగానే ఉంది. పొలం మీది డబ్బా పీక్కొచ్చినవాడిని మాత్రం నేను సమర్థించను.

పూర్వపక్షం

36 మరీ తక్కువ, 470 వేస్తే హమ్మే ఉండదు కదా? ఉండదు. రెక్టిఫైయర్ వాల్వు కూడా ఉండదు. కండెన్సర్ పెద్దదైనకొద్దీ కరెంటు సన్నని, ఎత్తయిన పోట్లుగా దిగుతుంది; ఆ పోటుకు వాల్వు ఆగదు. ఈజెడ్81 తయారీదారులు మొదటి కండెన్సర్‌కు పెట్టిన హద్దు 50, జీజెడ్34కు 60. అటుపైన పాపం శిష్యుడిది.

లెక్క చూడండి. వంద మిల్లీఆంపులు లాగే ఆంప్లికి 36 మైక్రోఫారాడ్ల మీద మిగిలే అల సుమారు 28 వోల్టులు. తర్వాత 10 హెన్రీల చోకు, ఇంకొక 36 పెడితే అది ఐదో వంతు వోల్టుకు దిగుతుంది. అవుట్‌పుట్ పుష్‌పుల్ అయితే ట్రాన్స్‌ఫార్మరులో మిగతాదీ చాలావరకు తనలో తాను కొట్టుకుపోతుంది. 1947లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో విలియమ్సన్ ఆచార్యుడు ప్రకటించిన ఆంప్లి చోకుల అండతో 8 మైక్రోఫారాడ్ల కండెన్సర్లతోనే లోకాన్ని మెప్పించింది. చోకు రాగి ఖర్చుకు జంకినవారే మైక్రోఫారాడ్లను ఆశ్రయిస్తారు.

కవి మౌనాలు

'తీరు హమ్ము' అన్నది అతిశయోక్తి. రెక్టిఫైయర్ నుంచి వచ్చేది 100 సైకిళ్ళ హమ్ము, అదే తీరుతుంది. ఫిలమెంటు తీగ గ్రిడ్ పక్క నుంచి పోయినా, ఎర్తు రెండు చోట్ల కలిసినా వచ్చే 50 సైకిళ్ళదానికి కండెన్సర్ షాపులో మందు లేదు.

ఇంతకన్నా పెద్ద లోపం, బ్లీడరు ఊసెత్తకపోవడం. ఫిల్మ్ కండెన్సర్‌కు లీకేజి దాదాపు లేదు గనుక, స్విచ్ తీశాక కూడా చాలాసేపు పట్టుకునే కూర్చుంటుంది. దాని కాళ్ళకు అడ్డంగా 220 కిలోఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టరు ఉంటే నలభై సెకన్లలో నూటికి ఒకటో వంతుకు దిగుతుంది. తరువాత మీటరు పెట్టి చూసి, ఆపైన చెయ్యి పెట్టవలెను. తేటగీతిలో ఇంకొక పాదానికి చోటు లేకపోవడం వల్ల శిష్యులు కరెంటు కొట్టించుకోవడం న్యాయమా?

పాఠాంతరం

కొన్ని ప్రతులలో చివర 'దీరు సొమ్ము' అని ఉంది. ఛందస్సుకు బాధ లేదు. మోటారు వైండింగ్ షాపు దాటిపోయి, ఆంప్లి కన్నా ఖరీదైన కండెన్సర్లు సముద్రం మీది నుంచి తెప్పించుకున్నవారు ఈ పాఠమే చదువుతారు.