జేబు కత్తి గురించి షెఫీల్డ్ నుంచి జాబు

షెఫీల్డ్

పూజ్యులైన పెద్దనాన్నకు,

ఇక్కడ ఎండ ఎప్పటిలాగే సెలవులో ఉంది. "జాతరలో యాభై రూపాయలకు దొరికే మడత కత్తికి నాలుగు వేలు పోస్తవారా, అదీ ఇంగ్లీషోడు చేసినదానికి?" అంటూ మీరు పంపిన వాయిస్ మెసేజ్ అందింది. జీవితమంతా ఖాదీ కట్టినవారు అడిగిన ప్రశ్న కాబట్టి ఫోనులో నవ్వేసి ఊరుకోవడం మర్యాద కాదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కళ్లద్దాలు పెట్టుకుని తీరిగ్గా చదవండి.

ముందు అసలు కత్తి ఎందుకో తేల్చుకుందాం. ఈ దేశంలో ఇంటికి వచ్చే చుట్టాలకంటే వచ్చే పార్సిళ్లే ఎక్కువ. ఒక్కో అట్టపెట్టెకు వేసిన టేపు చూస్తే లోపల ఉన్నవి చెంచాలా, బంగారు బిస్కెట్లా అని అనుమానం వస్తుంది. పళ్లతో కొరుకుదామంటే, పన్ను ఊడితే ఇక్కడ డాక్టరు అపాయింట్‌మెంటు దొరికేలోగా కొత్త పన్ను మొలిచినా మొలవచ్చు. ఇక పెద్దమ్మ ఆవకాయ సీసాకు చుట్టి పంపే ప్లాస్టిక్ పొరల గురించి నేను మాట్లాడను, ఆమె కూడా ఈ జాబు వింటుంది కదా. కత్తెర లేదా అంటారు. ఏ ఇంట్లోనైనా కత్తెర ఉంటుంది, కావలసినప్పుడు తప్ప. ఆపిల్ చెక్కు తీయడానికి, కొత్త చొక్కా ట్యాగు తెంచడానికి, దారం కోయడానికి, పెన్సిలు చెక్కడానికి జేబులో రెండున్నర అంగుళాల కత్తి ఒకటి ఉంటే చాలు. అంతకు మించిన పరాక్రమం దానితో చేయాల్సిన పని లేదు.

ఏ కత్తి అన్నదాన్ని మనకోసం సగం చట్టమే తేల్చేసింది. ఇంగ్లండులో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం, 139వ సెక్షన్ ప్రకారం తగిన కారణం లేకుండా నలుగురిలో కత్తి పెట్టుకుని తిరిగితే నాలుగేళ్ల దాకా జైలు వేయవచ్చు. ఒక్క మడత జేబు కత్తికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అదీ కోసే అంచు 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు, దాటకపోతేనే. తర్వాత హారిస్ అనే అతని కేసులో కోర్టు ఇంకో ముడి వేసింది. తెరిచాక లాక్ పడి, మీట నొక్కితేగానీ మడవని కత్తిని ఈ మినహాయింపు కింద మడత కత్తిగా లెక్కించరు. దాంతో అంగట్లో మెరిసిపోయే కత్తుల్లో చాలావాటికి చూపుతోనే దండం పెట్టి రావాలి. ఫ్రాన్సులో సవాయ్ కొండల వైపు పుట్టిన ఒపినెల్ కత్తి ఉంది. కర్ర పిడి, పలచని బ్లేడు, ధర చవక, చూడముచ్చటగా ఉంటుంది. కానీ 1955లో దాని మెడకు తిరిగే లాక్ ఉంగరం ఒకటి తగిలించారు. 6వ నంబరు మొదలుకొని పెద్దవాటన్నిటికీ ఆ ఉంగరం ఉంటుంది కనుక, ఫ్రాన్సు ముసలాయన రొట్టె కోసుకునే కత్తి ఇక్కడ బస్సెక్కితే ముద్దాయి అవుతుంది.

లాక్ లేకపోతే వేళ్ల మీదికి మడుచుకోదా అని మీరు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. ఈ కత్తుల్లో బ్లేడు వీపున గట్టి స్ప్రింగు పట్టీ ఉంటుంది. తెరిచినప్పుడు బ్లేడు మడమ దాని మీద కూర్చుని 'టక్' మంటుంది. మళ్లీ మడవాలంటే బ్లేడు వీపు మీద కావాలని ఒత్తాలి. కోసే పనిలో ఒత్తిడంతా అంచు వైపే కాబట్టి అది ఇంకా గట్టిగా తెరుచుకునే ఉంటుంది. మడుచుకునేదల్లా పొడిచినప్పుడు, మెలితిప్పినప్పుడు, డబ్బా మూత లేపబోయినప్పుడు. ఆ మూడు పనులూ కత్తివి కావు. కొబ్బరికాయ కొట్టడానికి గుమ్మం ముందు బండరాయి ఉండనే ఉంది.

ఇప్పుడు అసలు తగాదాకు, అదే మీ స్వదేశీకి, వస్తాను. పరదేశంలో ఉన్నవాడికి ఏది స్వదేశీ? నా లెక్కలో, చేసినవాడి దుకాణం వరకు మనం నడిచి వెళ్లి "ఇదేమయ్యా, స్ప్రింగు వదులైంది" అనగలిగితే అది స్వదేశీ. షెఫీల్డులో కత్తులు చేసేవారి సంఘం 1624 నుంచి ఉంది. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ మూసల్లో ఉక్కు కరిగించిందీ, 1913లో హ్యారీ బ్రేర్లీ స్టెయిన్‌లెస్ ఉక్కు చేసిందీ ఈ ఊళ్లోనే. ఇక్కడ 'లిటిల్ మెస్టర్లు' అనే ఒంటరి పనివాళ్లు ఉండేవారు. ఒక గది అద్దెకు తీసుకుని, ఒక్కడే కూర్చుని కత్తులు చేసేవాళ్లు. వాళ్లలో పేరున్న స్టాన్ షా పధ్నాలుగేళ్ల కుర్రాడిగా పనిలో చేరి, 2021లో తొంభై నాలుగో ఏట పోయాడు. ఎ. రైట్ అండ్ సన్ లాంటి చిన్న కంపెనీలు ఇప్పటికీ ఆ పద్ధతిలోనే బ్లేడు, స్ప్రింగు, ఇత్తడి పలకలు చేత్తో కూర్చి రివిట్లు కొడతాయి. ఇద్దరం హోటల్లో బిర్యానీ తిని వచ్చే ఖర్చుకు వాళ్ల సాదా కత్తి ఒకటి వస్తుంది. బిర్యానీ మర్నాటికి ఉండదు. పైగా ఇక్కడి బిర్యానీ గురించి నిజామాబాదు మనిషికి రాసి మనసు కష్టపెట్టను.

"అయినా అది వాళ్ల స్వదేశీ, మనది కాదు" అంటారా? ఒక సంగతి చెబితే మీరు మెత్తబడతారు. షెఫీల్డు కత్తుల పిడికి వేసే నల్లటి కొమ్ము చాలావరకు మన వైపు నుంచి ఓడల్లో వచ్చిన బర్రె కొమ్మే. మన అడవుల కణుజు కొమ్ములూ వచ్చేవి, 1990ల చివర్లో మన ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసేదాకా. ఇక ఉక్కు మాటకొస్తే మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉంది. అక్కడి ఉక్కు ముద్దల కోసం ఇస్ఫహాన్ వర్తకుడు ఊరికి వచ్చి కూర్చున్నాడని వాయిసీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాసిపెట్టాడు. బొంబాయి నుంచి వచ్చిన మన దేశపు ఉక్కు మీద లండనులో పియర్సన్ అనే ఆయన 1795లో వ్యాసం అచ్చువేశాడు. ఆ ఉక్కుతో స్టోడార్ట్ అనే కత్తుల పనివాడు చేసి చూసిన వస్తువు ఏమిటో తెలుసా? పెన్‌నైఫ్! అంటే జేబు కత్తే. ఆ స్టోడార్టే తర్వాత మైకేల్ ఫారడేతో కలిసి మన ఉక్కు గుట్టు పట్టాలని ప్రయోగాలు చేశాడు. పెద్ద ఎత్తున పోత పోయించడానికి వాళ్లు పంపింది షెఫీల్డుకే. ఆ బొంబాయి సరుకు మన జిల్లాదేనని నేను పంతం పట్టను. ఊళ్లో మీరు పట్టినా అడ్డుకోను.

చైనా కత్తి ఈ ధరలో నాలుగో వంతుకే వస్తుందని మన రమేశ్ అంటాడు. నిజమే, పైగా వాటిలో మంచివీ ఉన్నాయి. చైనాలో చేసినందుకు నాకు పేచీ లేదు, చైనాలో చేసి షెఫీల్డు పేరు చెప్పుకుంటేనే పేచీ. ఇది పాత రోగమే. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీవాళ్లు తమ కత్తుల మీద షెఫీల్డు ముద్ర కొట్టి అమ్మితే, ఈ ఊరివాళ్లు గోల చేసి 1887లో సరుకుల ముద్రల చట్టం తెప్పించుకున్నారు. ఇకమీదట ఇక్కడి సరుకనిపించే పేరో ముద్రో ఉన్న పరదేశపు సరుకు మీద అసలు దేశం పేరు కూడా ఉండాలన్నారు. తీరా చూస్తే 'మేడ్ ఇన్ జర్మనీ' అన్న ముద్ర చూసి జనం ఇంకా ఎగబడి కొన్నారు. ఇప్పుడు డబ్బా మీద రూపకల్పన ఇక్కడిదే అని పెద్ద అక్షరాల్లో, తయారీ ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. కాబట్టి డబ్బా చదవడం మాని బ్లేడు మొదట్లో కొట్టిన ముద్ర చదవాలి.

స్విస్ కత్తిలో స్క్రూడ్రైవరు, కత్తెర, పళ్లపుల్ల కూడా వస్తాయి కదా అన్న వాదనకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ పనులు రోజూ పడేవాడు లాక్ లేని స్విస్ కత్తే కొనుక్కోవాలి, డబ్బుకు న్యాయం అక్కడే ఉంది. అన్నట్టు, స్విస్ సైన్యం '1890 నమూనా' సైనికుల కత్తిని ఖాయం చేసినప్పుడు, మొదటి కత్తులు జర్మనీలోని జోలింగెన్ నుంచి తెప్పించుకున్నారు. కార్ల్ ఎల్‌సెనర్ అనే స్విస్ కత్తుల పనివాడికి అది కష్టం అనిపించి, 1891 నుంచి స్వయంగా చేసి ఇవ్వడం మొదలుపెట్టాడు. స్వదేశీ పట్టుదల మీకొక్కరికే లేదు, పెద్దనాన్నా.

ఒక్క బ్లేడు చాలనుకునేవాడికి నా ఎంపిక 'లాంబ్స్‌ఫుట్' రకం. దాని అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, వీపు కొసకు వచ్చేసరికి కిందికి వాలుతుంది. తిన్నని అంచును సానరాయి మీద ఎవరైనా పదును పెట్టుకోగలరు. పైగా సూదిలాంటి మొన లేదు కాబట్టి చూసినవాళ్లు హడలిపోరు. వార్తల్లో ఇక్కడి కత్తిపోట్ల సంగతి విని పెద్దమ్మ పడే భయం కొట్టిపారేసేది కాదు. మన రంగు మనిషిని పోలీసు ఆపితే జేబులోంచి బయటపడేది ఆపిల్ కోసే కత్తిలా కనిపించాలి, సినిమా విలన్ కత్తిలా కాదు. చట్టం ఒప్పుకున్న కత్తిని కూడా ఎవరినైనా బెదిరించాలని పట్టుకుంటే అది నేరమే. కోర్టుకు, విమానంలో చేతి సంచిలో ఎలాగూ తీసుకెళ్లకూడదు.

కొనేటప్పుడు వెలుతురుకు ఎత్తిపట్టి చూడాలి. స్ప్రింగుకు, పక్కనున్న ఇత్తడి పలకకు మధ్య వెలుగు కనిపిస్తే కిందపెట్టేయాలి. తెరిచి బ్లేడును అటూఇటూ కదిపితే ఊగకూడదు. మడిస్తే పలకల మధ్యలోకి దిగాలి గానీ పక్కకు రాసుకోకూడదు. కార్బన్ ఉక్కు పదును బాగా తీసుకుంటుంది, కానీ నిమ్మరసం తగిలితే నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పు పడుతుంది. నూనె రాద్దామంటే కొబ్బరినూనె ఈ చలికి సీసాలోనే గడ్డకట్టుకుని కూర్చుంటుంది. నాలాంటి బద్ధకస్తుడికి స్టెయిన్‌లెస్సే మేలు. బ్రేర్లీని ఈ ఊరివాళ్లు 'కోయని కత్తులు కనిపెట్టినవాడు' అని ఎగతాళి చేశారట. ఇప్పుడు ఈ ఊళ్లో ఏ వంటింట్లో చూసినా ఆయన ఉక్కే.

దసరాకు వచ్చేటప్పుడు మీకూ ఒకటి తెస్తాను, చెక్-ఇన్ పెట్టెలో. ఊరికే కత్తి ఇస్తే బంధం తెగుతుందని, పుచ్చుకున్నవాళ్లు ఒక నాణెమైనా చెల్లించాలని ఇక్కడివాళ్ల నమ్మకం. కాబట్టి ఒక్క రూపాయి ఫోన్‌పేలో ఇప్పుడే కొట్టండి. ముందు పంపినా చెల్లుతుంది, నేను అడిగాను.

మీ
చిన్నోడు