నల్ల టేపు మహాత్మ్యం

ఎండాకాలం మధ్యాహ్నం సూర్యాపేట దాటాక హైవే పక్కన బానెట్ ఎత్తి నిలబడ్డ పాతికేళ్ల కారుకి రోగమేమిటో చాలాసార్లు చూడగానే తెలిసిపోతుంది. ఇంజిన్ వేడికి వైర్ల తొడుగు గట్టిపడిపోయి, వేలు తగిలితే చాలు అప్పడంలా పొడి రాలుతుంది. లోపలి రాగి బయటపడి పక్క తీగని ముద్దు పెట్టుకుంటుంది. బండి ఆగుతుంది. ఎక్కడినుంచో ఒక ఆపద్బాంధవుడు వస్తాడు. పళ్లతో తొడుగు పీకి, రెండు కొసలూ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, "సెల్ఫు కొట్టండి సార్" అంటాడు. ఇంజిన్ అందుకుంటుంది. ఇంతవరకూ ఆయనకి దండం పెట్టాల్సిందే. నా పేచీ ఆయనతో కాదు, కారులో ఇల్లు చేరిన పెద్దమనిషితో.

ఈయన ఆ వారం పొడుగునా కనబడ్డవాళ్లందరికీ కథ చెబుతాడు. "షోరూమువాడు వైరింగ్ కిట్టు మొత్తం మార్చాలన్నాడండీ. మనవాడు రెండు చుట్లతో తేల్చేశాడు. జర్మనీ ఇంజినీర్లు పనికొస్తారా మన బుర్ర ముందు!" బుర్ర సంగతి ఏమోగానీ, ఆ టేపు మాత్రం వచ్చే వేసవికి జిగురు కారుస్తూ ఊడుతుంది. అప్పుడు దానిమీద ఇంకో చుట్టు. కొన్నాళ్లకి బానెట్ కింద వైర్లు కనబడవు, కట్లే కనబడతాయి.

జర్మనీవాళ్లేమీ తక్కువ తినలేదు. 1990ల తొలి సగంలో మెర్సిడెస్ తన కార్లలో వేసిన ఇంజిన్ వైరింగు, పెద్దపెద్ద మోడళ్లతో సహా, కొన్నేళ్లకే తొడుగు రాల్చుకుని పరువు తీసింది. కానీ ఆ రోగం తెలిసినవాళ్లు కిట్టే మార్చుకున్నారు. ఆ కాలపు బెంజి కొనేవాడు ఇప్పటికీ ముందు అడిగే ప్రశ్న అదే. ఎందుకంటే జానెడు మేర రాలిందంటే మిగతా తీగంతా అదే వయసు, అదే వేడి తిన్నది. మనకి మాత్రం కనబడ్డ జానెడే రోగం, మిగతాది పరమాత్ముడి బాధ్యత.

ఇక కొత్త తీగ ముక్క అతకాల్సి వస్తే చూడాలి సంబరం. పక్క కిరాణా కొట్లో ఇంటి వైరింగ్ ముక్క దొరుకుతుంది. సీలింగ్ ఫ్యాను కోసం పుట్టిన ఆ మామూలు పీవీసీ వైరు తట్టుకునేది 70 డిగ్రీలు. ఇంజిన్‌లో నీళ్లే 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంటాయి, ఎగ్జాస్టు పక్కన సంగతి అడక్కండి. పెళుసైన తీగకి మందుగా ఇంకా తొందరగా పెళుసయ్యే తీగ!

ఫ్యూజు విషయంలో మన ప్రతిభ మరీ పరాకాష్ఠ. పదేపదే కాలిపోతోందా, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి గుచ్చెయ్, "డైరెక్ట్ చేసేశా సార్, ఇక జన్మలో పోదు." నిజమే, పోదు. ఫ్యూజు ఉన్నది తీగని కాపాడడానికి. అది పోనంటే, షార్టయినప్పుడు పోయేది తీగ, ఆపైన కారు. పది ఆంపియర్ల చోట ముప్ఫై గుచ్చేవాడు వెండి కాగితం వాడికి తమ్ముడే.

మంట రానివాళ్లకి ఇంకో రకం శిక్ష. ఇంజిన్ వేడి చెప్పే సెన్సారు తీగకి మెలిపెట్టిన అతుకు తుప్పుపడితే నిరోధం పెరుగుతుంది. కంప్యూటరుకి ఇంజిన్ ఇంకా చల్లగానే ఉన్నట్టు తోచి పెట్రోలు గుమ్మరిస్తుంది. మైలేజీ పడిపోతుంది, పొగ నల్లబడుతుంది. మన మేధావి బంకుల్లో కల్తీ మీద ఉపన్యాసమిస్తాడు.

"డబ్బున్నవాడి కబుర్లివి" అంటారు. అప్పు మీద ట్యాక్సీ తోలేవాడు అంటే నోరు మూసుకుంటాను. వాడికి ఆ పూట ఇల్లు చేరడమే గండం. కానీ గొప్పలు చెప్పేది వాడు కాదు. అలాయ్ చక్రాలు, డిక్కీనిండా సబ్‌వూఫరు పెట్టించుకున్న ఆసామి. ఆ సబ్‌వూఫరుకి కరెంటు కూడా ఏ బక్క తీగకో గిల్లి తీసిందే! రోడ్డుపక్క అతుకు ఆటోనగర్ దాకా చేర్చడానికి. చేరాక ఎలక్ట్రీషియన్ చేత మల్టీస్ట్రాండ్ ఆటో వైరు, క్రింపు, స్లీవు వేయించాలి, కుదిరితే కిట్టే మార్పించాలి. ఆ దారిలో నాలుగు స్పేరు ఫ్యూజులు డాష్‌బోర్డులో పడుంటే చాలు, సిగరెట్టు అలవాటు లేనివాడు కూడా బతికి బట్టకడతాడు.

ఆసామి ఇప్పుడు కారు అమ్ముతున్నాడు. ఇంజిన్ కడిగించి, టేపు కట్ల మీద కొత్త నల్ల గొట్టం తొడిగించాడు. కొనేవాడు బానెట్ ఎత్తి చూస్తుంటే పక్కన నిలబడి అంటున్నాడు: "వైరింగ్ మీద చెయ్యి పడనే లేదండీ, అంతా కంపెనీదే."